పాడైన ముక్కతో వస్తేనే లోపలికి

బోరబండలో లోకల్ రైలు దిగి, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పక్క సందులోకి తిరిగితే రేకుల షెడ్డు ఒకటి వస్తుంది. బోర్డు లేదు. లోపల ఆరు బల్లలు, ఆరుగురు ఆడవాళ్లు, టంకం కాలిన వాసన. ఎలక్ట్రానిక్ బోర్డుల మీద చిన్న చిన్న భాగాలు అతికించే యూనిట్ అది. పెద్ద ఫ్యాక్టరీల వాళ్లు వెయ్యి బోర్డులకు తక్కువైతే పలకరించరు. ఇక్కడ పది అడిగినా చేసిస్తారు. యజమాని పేరు నాగేశ్వరి. వయసు యాభై.

నా చెవి మిషను మూగబోయినప్పుడు అమ్మిన వాళ్లు కొత్తది కొనుక్కోమన్నారు. అమీర్‌పేటలో ఎవరో ఈమె దగ్గరికి పొమ్మన్నారు. మిషను విప్పి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, రెండు చుక్కల టంకం వేసి, "ఇగ వినబడ్తదా సారూ?" అని అడిగింది. వినబడింది. ఆ తర్వాత మిషను బాగానే ఉన్నా వెళుతూ వచ్చాను. ఏ ఊళ్లోనూ నెల దాటి నిలవని కాళ్లు నావి. ఆ షెడ్డులో ఒక ఇనుప స్టూలు మీద మాత్రం ఏడాదికి పైగా కూర్చున్నాయి. ఇక్కడ రాసేదాంట్లో కొంత చూసింది, కొంత ఆ బల్లల మధ్య విన్నది.

నాగేశ్వరిది కోకాపేట. ఇప్పుడు మెడ నొప్పి పుట్టేంత ఎత్తు భవనాలున్న కోకాపేటే. ఆమె చిన్నప్పుడు అక్కడ వరి పండేది. ఇరవై ఏళ్లు వచ్చేదాకా వానాకాలమంతా నాట్లలోనే గడిపింది. ఆ నాట్లకు ఒక పద్ధతి ఉండేది, బదులు పని అనేవారు. ఈ రోజు నాలుగిళ్ల వాళ్లు మా మడిలో నాటు వేస్తారు, రేపు మేం వాళ్ల మడికి పోతాం. కూలి ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. రోజుకు రోజు. ఎవరి నారు ముందు ముదురుతుంటే వాళ్ల మడి ముందు. పెళ్లయి బోరబండ వచ్చాక సనత్‌నగర్ వైపు ఒక కంపెనీలో టంకం పనికి కుదిరింది. ఇరవై రెండేళ్లకు ఆ కంపెనీ మూతపడింది. తనతో పనిచేసిన ఐదుగురిని వెంటబెట్టుకుని ఈ షెడ్డు తెరిచింది.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి కుర్రకారు. ఐదుగురు, పదిమందితో కంపెనీ పెట్టి, ఏదో ఒక పరికరం తయారుచేసే పనిలో ఉన్నవాళ్లు. స్టార్టప్ వాళ్లని మనం అనేది వీళ్లనే. అద్దాల భవనాల్లో కాన్ఫరెన్సుల్లో కనిపించినంత హుషారుగా ఆ షెడ్డులో కనిపించరు. అక్కడికి వచ్చేసరికి చేతిలో పనిచేయని బోర్డు ఉంటుంది. బల్ల మీద మోచేతులు ఆనించి, "నాగేశ్వరక్కా, ఎవ్వరికీ చెప్పకు, మూడోసారి కాలిపోయింది" అంటారు. ఆమె ఎవరికీ చెప్పదు. చెప్పనని మాట ఇచ్చాక ఆమె నోట్లోంచి ఆ సంగతి రాబట్టడం బ్రహ్మతరం కాదు.

చెప్పకపోవడమే ఆమెను తినేస్తూ వచ్చింది. ఒకడికి ఒక రకం చిప్‌లు నలభై కావాలి, అమ్మేవాడు వెయ్యికి తగ్గనంటాడు. సరిగ్గా అవే చిప్‌లు తొమ్మిది వందలు రెండు వీధుల అవతల ఇంకొకడి బీరువాలో పడి ఉన్నాయని ఆమెకు తెలుసు. ఇతని పేరు అతనికి చెప్పకూడదు, అతనిది ఇతనికి చెప్పకూడదు. ఎవడి ఆలోచన ఎవడు ఎత్తుకుపోతాడో అని అందరికీ బెంగ.

ఇక్కడ నాకు మోటుపల్లి గుర్తొస్తుంది. ఓపిక లేనివారు ఈ పేరా దాటేయవచ్చు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కిందట ఆ రేవులో కాకతీయ గణపతిదేవుడు శాసనం వేయించాడు. అంతకు ముందు తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు లాక్కునేవారట. ఇకమీదట అలా లాక్కోబోమని, మామూలు సుంకం మాత్రమే తీసుకుంటామని ఆయన చెక్కించాడు. ఆ రాతి స్తంభం ముందు ఒక ఎండాకాలం మధ్యాహ్నమంతా కూర్చున్నాను. సైబరాబాదులో ఒక చిన్న కంపెనీ మునుగుతోందని తెలియగానే పక్క కంపెనీల వాళ్లు మంచి ఇంజినీర్లను ఏరుకుపోతారు, కుర్చీలు సగం ధరకు బేరమాడతారు. పగిలిన ఓడ సరుకు అంటే ఇదే. ఇక్కడ అభయం ఇవ్వడానికి రాజు లేడు. ఆ పని నాగేశ్వరి మీద పడింది.

ఒక ఆదివారం పొద్దున తన దగ్గరికి వచ్చే పదకొండు మందిని షెడ్డుకు పిలిచింది. "మీ మీ కష్టం జెర ఒకలకొకలు చెప్పుకోండ్రి" అని మాత్రమే చెప్పింది. పదకొండు మందీ ల్యాప్‌టాప్‌లతో వచ్చారు. పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు మాట్లాడీ మాట్లాడీ వాళ్లకు ఇంకోలా మాట్లాడటం మరిచిపోయినట్టుంది. ఒకరి తర్వాత ఒకరు లేచి తమ కంపెనీ ఎంత జోరుగా పెరుగుతోందో గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. భీమవరం వైపు నుంచి వచ్చిన బుల్లిబాబు అని ఒకాయన ఉన్నాడు. బ్యాంకు ఉద్యోగం వదిలి, రొయ్యల చెరువుల్లో గాలి అందుతోందో లేదో చెప్పే పరికరం చేస్తున్నాడు. అందరిలో పెద్దవాడు. ఆయన కూడా మెడలో కండువా సర్దుకుని, వచ్చే ఏడాదికి ఆసియాలో మొదటి స్థానం మాదేనండి అన్నాడు.

నాగేశ్వరి చివరిదాకా విన్నది. "అందరు మంచిగనే ఉన్నరు. నాకే తెల్వక పిలిచిన. మరి ఈ నెలల ఈ బల్ల మీద తలకాయ వెట్టి ఏడ్సింది ఎవ్వరు? నేనేనా?"

బుల్లిబాబు కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేనేనండి" అన్నాడు. "నలభై మిషన్లు ఉప్పునీటికి తుప్పుపట్టి తిరిగొచ్చేశాయండి. మా ఆవిడక్కూడా చెప్పలేదు."

వెనక వరుసలోంచి ఒక కుర్రవాడు, "అంకుల్, బోర్డుకు పైపూత ఏం వేస్తున్నారు?" అని అడిగాడు. సముద్రంలో తేలే పరికరాలు చేసేవాడు అతను. అరగంటలో బుల్లిబాబు కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు.

ఆ రోజే నాగేశ్వరి రెండు కట్టుబాట్లు పెట్టింది. ఇకమీదట వారం వారం ఆదివారం ఇక్కడికి రావాలంటే చేతిలో పాడైన ముక్క ఒకటి ఉండాలి, అదీ ఆ వారం నిజంగా తమను సతాయించినదే. బాగా పనిచేసేది పట్టుకొస్తే గడప బయటే. రెండోది బదులు. ఒకరు ఒక రోజు సాయం చేస్తే, పుచ్చుకున్నవాడు ఒక రోజు ఇవ్వాలి, ఎవరికి అవసరమైతే వాళ్లకు. ఎవరి నారు ముదురుతుంటే వాళ్లది ముందు.

నెలలు గడిచే కొద్దీ ఆ ముక్కల వరుస చూడముచ్చటగా ఉండేది. ఉబ్బిన బ్యాటరీలు, కరిగిన డబ్బాలు, పగిలిన తెరలు. నితీష్ అనే కుర్రవాడు మాత్రం వారం వారం ఫోన్ చార్జరు పట్టుకొచ్చేవాడు. "ఏంది బిడ్డా, మీ ఇంట్ల ఎన్ని చార్జర్లు చెడిపోతయి?" అని సాయమ్మ అడిగేది, రెండో బల్ల ఆవిడ. అతను నవ్వి ఊరుకునేవాడు. నాగేశ్వరి ఏమీ అనేది కాదు. ఆమెకు అతని అసలు ముక్క సంగతి తెలుసు. ఆ సంగతే తర్వాత అందరి మీదికీ వచ్చింది.

నితీష్‌ది శంకర్‌పల్లి. ఆస్పత్రుల్లో టీకా మందులు పెట్టే ఫ్రిజ్‌లకు తగిలించే చిన్న పెట్టె తయారుచేస్తాడు. ఫ్రిజ్ లోపల చల్లదనం ఎంత ఉందో అది పది నిమిషాలకోసారి రాసుకుంటుంది. సరిగ్గా అదే పని చేసే పెట్టె రసజ్ఞ అనే అమ్మాయిదీనూ. ఆమెది కాకినాడ. మాదాపూర్‌లో తొమ్మిది మందితో కంపెనీ. ఒక జిల్లాలోని ఆరోగ్య కేంద్రాలన్నిటికీ మూడు వందల పెట్టెలు కావాలని సర్కారు టెండరు పిలిస్తే ఇద్దరూ వేశారు. రసజ్ఞకు వచ్చింది. నితీష్ రెండో స్థానంలో నిలిచాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం రసజ్ఞ ఆదివారం దాకా ఆగలేక షెడ్డుకు వచ్చింది. చేతిలో ఆమె పెట్టే ఉంది.

"శనివారం తనిఖీ అండీ, నాగేశ్వరి గారు. ఇవాళ ఊరికే చూద్దామని ఐదు పెట్టెలు ఒక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. కరెంటు పోయి వచ్చింది. ఐదింట్లోనూ అప్పటిదాకా రాసుకున్నదంతా చెరిగిపోయింది."

"ఇంతకుముందు గిట్ల కాలేదా?"

"మా బిల్డింగ్‌లో కరెంటు పోదండి."

నిజమే. ఆ అద్దాల భవనాల్లో కరెంటు పోవడమంటే ఏమిటో ఎవరికీ తెలియదు. బయట పోయినా లోపల దీపం రెప్ప కొట్టదు. పల్లెటూళ్ల కోసం చేసిన పరికరాన్ని పద్నాలుగు నెలలు ఆ భవనంలోనే పరీక్షించారు. ఎన్ని పుస్తకాలు చదివినా ఈ పొరపాటు తట్టదు. ఆ చల్లని గదుల్లో కూర్చున్నవాళ్లు మాత్రమే చేయగలరు.

"శనివారం తప్పితే ఆర్డరు రద్దు చేస్తారండి" అన్నది రసజ్ఞ. "తర్వాత ఇంకేమీ లేదు మా దగ్గర. తొమ్మిది మందికీ చెప్పేయాలి. లోపం ఎక్కడుందో కనుక్కోవడానికే నెల పడుతుంది."

నాగేశ్వరి ఆ బోర్డును చేతిలో తిప్పి తిప్పి చూసింది. లోపం ఎక్కడుందో సగం ఆమెకు తెలుసు. పోయిన ఏడాది నితీష్ పెట్టెలకు ఇదే తెగులు. బఠాణీ గింజంత భాగం ఒకదాన్ని తీసి ఇంకొకటి వేసింది ఆమె చేతులే. మిగతా సగం ప్రోగ్రాంలో ఉంది, అది నితీష్‌కు మాత్రమే తెలుసు. ఎవరికీ చెప్పనని ఆమె అతనికి మాట ఇచ్చింది.

"బోర్డు నా దగ్గర ఉండనియ్యి బిడ్డా. రేపు మాపటికి చెప్త" అన్నది.

మంగళవారం పొద్దున రెండు బస్సులు మారి కోకాపేట వెళ్లింది. నితీష్ ఆఫీసు ఇరవై ఏడో అంతస్తులో. గేటు దగ్గర కాపలా అతను పేరు రాసుకుంటూ, "ఇంతకుముందు ఇక్కడికి వచ్చిర్రా అమ్మా?" అని అడిగాడు. "ఇరవై యేండ్లు ఇక్కడనే ఉన్న" అన్నది. అతను అర్థం కాక లోపలికి పంపించాడు. పైన జరిగింది ఆమె నాకు చెప్పింది. తర్వాత నితీష్ కూడా అదే చెప్పాడు, రెండు మాటలు ఎక్కువ కలిపి.

ఆమె బోర్డు బల్ల మీద పెట్టగానే నితీష్‌కు విషయం తెలిసిపోయింది.

"అక్కా, నువ్వు నాకు మాటిచ్చినవ్."

"ఇచ్చిన. గందుకే నీ దగ్గరికి వచ్చిన. లేకుంటే నిన్ననే ఆ పిల్లకు చెప్పేదాన్ని గదా."

"ఆమె ఆర్డర్ పోతే నాకొస్తది. తెల్సా నీకు?"

"తెల్సు."

"తెలిసి అడుగుతున్నవా?"

"తెల్వకుంటే అడుగుడు సులువుగుండు."

అతను కిటికీ వైపు తిరిగాడు. "ఎనిమిది నెలలు పట్టిందక్కా నాకు అది దొరకవట్టనీకి. ఎనిమిది నెలలు పరేషాన్. నాకెవ్వరు చెప్పలే."

"ఎవర్నన్న అడిగినవా? ఆదివారం ఆదివారం చార్జరు పట్కొస్తివి."

ఆమె కుర్చీలోంచి లేచి తనూ కిటికీ దగ్గరికి వెళ్లింది.

"మా నాయనకు, పక్క మడి ఎల్లయ్య పెద్దనాయనకు గట్టు కాడ పంచాయితి. ఏడేండ్లు మాటల్లెవ్వు. ఒక యేడు ఆయన నారు ముదిరిపోవట్టింది. మా అమ్మ నన్ను దోల్కొని పోయింది. నాటేసినం, కాళ్లు కడుక్కున్నం, వచ్చినం. పెద్దనాయనతోని ఒక్క మాట మాట్లాడలే."

"మరెందుకు పోయిండ్రు?"

"మల్ల యేడు మా నారు ముదిరింది."

ఇంకేం చెప్పకుండా బోర్డు అక్కడే వదిలి వచ్చేసింది. అతను వస్తాడో రాడో ఆమెకు తెలియదు. రసజ్ఞకు సాయంత్రం ఫోన్ చేసి, "మూడు వందల పెట్టెలు నా దగ్గరికి తే. తర్వాత సంగతి తర్వాత" అన్నది. బుల్లిబాబుకు, మిగతావాళ్లకు కూడా చెప్పింది, బదులు పని పడిందని.

బుధవారం తొమ్మిదింటికి షెడ్డు ముందు డబ్బాలు దించుతున్నారు. పదమూడు మంది వచ్చారు. ఏం చేయాలో ఎవరికీ తెలియదు. రసజ్ఞ ముఖం కడుక్కుని వచ్చినా ఏడ్చిన కళ్లు దాచుకోలేకపోయింది. పావుగంట తర్వాత సందు మలుపులో నితీష్ మోటార్‌సైకిల్ ఆగింది. సంచిలోంచి పెట్టె ఒకటి తీసి మొదటి బల్ల మీద పెట్టాడు. మూత మీద దుమ్ము ఉంది.

"పోయినేడాది నాది" అన్నాడు. "ఇదే తప్పు నేను చేసిన. మా బిల్డింగ్‌ల కూడా కరెంట్ పోదు. నాగేశ్వరక్కకు తెల్సు, నేనే చెప్పొద్దన్న." తర్వాత రసజ్ఞ వైపు చూడకుండానే, "భాగం మారుస్తే సగమే అయితది. ప్రోగ్రాంల కూడా మార్చాలె. ఈడ కూసోండి, చూపిస్త" అన్నాడు.

రసజ్ఞ అతని పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. కృతజ్ఞతలు అవీ ఏమీ చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకుని, "ఎక్కడండి?" అన్నది.

ఆ మూడు రోజులు అక్కడ ఉన్నందుకు నా తిరుగుళ్లన్నిటికీ విలువ దక్కిందనిపించింది. రోజుకు వంద పెట్టెలు కావాలి. టంకం ఐరన్ ఆరుగురు ఆడవాళ్ల చేతుల్లోనే. పెద్ద పెద్ద డిగ్రీలవాళ్లను నాగేశ్వరి ఐరన్ ముట్టుకోనివ్వలేదు. "మీరు మూతలు ఇప్పుండ్రి, మూతలు పెట్టుండ్రి" అన్నది. ఇద్దరు కోటు వేసుకునే కంపెనీ అధిపతులు నేల మీద బాసింపట్టు వేసుకుని స్క్రూడ్రైవర్లతో కూర్చున్నారు. నితీష్, రసజ్ఞ పక్కపక్కన ప్రోగ్రాం ఎక్కిస్తూ, ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటూ, మధ్యాహ్నానికల్లా దెబ్బలాడుకునేంత దగ్గరయ్యారు. ప్రతి పెట్టెకూ ఇరవైసార్లు కరెంటు తీసి ఇవ్వాలి. అందుకు బుల్లిబాబును మెయిన్ స్విచ్చి దగ్గర నిలబెట్టారు.

"ఆపుతున్నానండి" అంటాడు. ఫ్యాన్లన్నీ ఆగిపోతాయి. "వేస్తున్నానండి."

"అన్నా, నీ పుణ్యమాని మా ఊరి కరెంటాయన గుర్తొస్తున్నడు" అన్నది సాయమ్మ, కొంగుతో విసురుకుంటూ.

"ఆయన చెప్పి తీసేవాడా అమ్మా?"

"చెప్పకపోయేటోడు."

"మరి నేను నయం కదండీ."

సందులో జనానికి ఏం జరుగుతోందో అంతుపట్టలేదు. కుట్టుమిషన్ల దుకాణం ఆయన తన బల్ల కూడా ఇచ్చి, తన వంతుగా మూతలు బిగించాడు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మూడు వందలవ పెట్టె మూత పడింది. రెండొందల తొంభై ఎనిమిది సరిగ్గా ఉన్నాయి. రెండు మొండికేశాయి. నితీష్ తన దగ్గరున్న అదే కొలత మంచి బోర్డులు రెండు తెచ్చి వాటిలో పెట్టాడు.

శనివారం జిల్లా కేంద్రానికి రెండు వ్యానులు కట్టుకుని పోయారు. నన్నూ ఎక్కించుకున్నారు. తనిఖీకి వచ్చిన ఇంజినీరు మితభాషి. డబ్బాల్లోంచి తనకు తోచిన ముప్పై పెట్టెలు ఏరి, వరుసగా తగిలించమన్నాడు. గంటసేపు నడవనిచ్చి, స్విచ్చి ఆపాడు, వేశాడు. మళ్లీ ఆపాడు. ఐదుసార్లు, పదిసార్లు, పదిహేను. ఆపి నిమిషం ఉంచాడు, ఆపీ ఆపగానే వేశాడు. రసజ్ఞ గోడకు వీపు ఆనించి నిలబడింది. బుల్లిబాబు పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. ఇంజినీరు ఒక్కొక్క పెట్టె దగ్గరికీ వెళ్లి తెర మీద అంకెలు చూసుకున్నాడు. ముప్పైకి ముప్పైలోనూ మొదటి అంకె నుంచి ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి.

"ఒకటి విప్పండి" అన్నాడు. విప్పాక కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. "ఈ టంకం ఎవరి పని? మిషను మీద చేశారా?"

"చేతితోనే సారూ. మావే" అన్నది నాగేశ్వరి.

ఆయన తల ఊపి, కాగితం తీసుకుని సంతకం పెట్టాడు. "సోమవారం నుంచి కేంద్రాలకు పంపించేయండి."

బయట ఎండలోకి వచ్చారు. తర్వాత బుల్లిబాబు రసజ్ఞ నెత్తిన చెయ్యి పెట్టి, "బతికిపోయాం అమ్మా" అన్నాడు. అంతే, అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. సాయమ్మ వేప చెట్టు కింద నిలబడి ఇంటికి ఫోన్ చేసి, ఇంజినీరు అడిగిన మాట మూడుసార్లు చెప్పింది.

తిరుగు ప్రయాణంలో రసజ్ఞ ముందు సీటులోంచి వెనక్కి తిరిగింది. "నితీష్ గారూ, మీ ఆర్డరు నేను తీసేసుకున్నట్టే కదండి. ఇప్పుడు మీ కంపెనీ సంగతేంటి?"

"ఏదో చేస్తం."

"నీ దాచే అలవాటు ఇంకా పోలే" అన్నది నాగేశ్వరి. "సక్కగ చెప్పు."

మూడు నెలలకు మించి నడపలేనని నితీష్ చెప్పాడు. తన పెట్టెలను పాల కేంద్రాలకు పనికొచ్చేట్టు మార్చాలని ఉంది, కానీ పాల వ్యాపారం గురించి తనకు ఓనమాలు తెలియవన్నాడు. ఇలాంటి మాట అతను అంతకుముందు ఎవరి ముందూ అని ఉండడు.

"మా బావమరిది ఉండ్రాజవరంలో పాలకేంద్రమేనండి నడిపేది" అన్నాడు బుల్లిబాబు. "ఫోన్ కలపనా?"

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడండీ, పాలు విరిగాకా?"

రసజ్ఞ డైరీ తీసింది. "సోమవారం నుంచి మా తొమ్మిది మందిమీ మీ ఆఫీసులోనే ఉంటాం. మూడు రోజులు మీరిచ్చారు, మూడు రోజులు మావి" అన్నది. మూడు రోజులు సరిపోలేదు, పదకొండు పట్టాయి.

ఇప్పుడు ఆదివారాలు షెడ్డు చాలడం లేదు. నలభై మందికి పైగా వస్తున్నారు. నాగేశ్వరి పక్క షెడ్డు కూడా కిరాయికి తీసుకుంది. నితీష్ పాల పెట్టెలు గోదావరి వైపు అరవై ఊళ్లలో నడుస్తున్నాయి. పోయిన వారం ఇంకో జిల్లా టీకా పెట్టెలకు టెండరు పిలిచింది. రసజ్ఞ, నితీష్ కలిసి ఒకే పేరున వేశారు. దరఖాస్తులో పరీక్షలు ఎక్కడ జరిపారో రాయమని ఒక గడి ఉంది. అందులో వాళ్లిద్దరూ బోరబండ అని రాశారు.